బొమ్మ వెనక ఆరు తలుపులు

నిరీక్షణపేట చెరువు చిట్టా. రాస్తున్నది నతానియేలు. ఆదివారం వాక్యం చెప్పేవాణ్ణి, మిగతా ఆరు రోజులూ మేత చల్లేవాణ్ణి.

ఆదివారం, ఆరాధన అయ్యాక

ఈ వేళ చెరువులో రొయ్య కనిపించలేదు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట. ఈ చిట్టాలో ప్రతి రోజూ ఈ ముక్కతోనే మొదలవుతుంది, ఇది శుభవార్త. ఊపిరి బాగా ఆడుతున్న రొయ్య అడుగున ఉంటుంది. బురదలో తన పని తను చూసుకుంటుంది, మనకి మొహం చూపించదు. నీళ్ళలో గాలి తగ్గితేనే పైకొచ్చి మీసాలు బయటపెడుతుంది. అందుకని కనిపించలేదు అని రాసిన రోజు మేం స్తోత్రం చెప్పుకుని పడుకుంటాం.

పొద్దున్న తలుపుల మీద మంచు గీరాను. పైకప్పు మంచులోంచి గురుడు ఎర్రటి మరకలాగా కనిపించాడు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లన్నీ వంతు ప్రకారం తిరుగుతున్నాయి, ఆగుతున్నాయి. సుగుణమ్మక్క తల్లి రొయ్యల గుంటలో మేత పళ్ళెం ఎత్తి చూసింది. ఖాళీ. ఖాళీ పళ్ళెం చూసి నవ్వే మనిషి ఆవిడ, మేతంతా తిన్నాయని. గురుడి చుట్టూ తిరిగే ఈ చందమామ మీద విత్తనానికి పిల్లల్ని పెట్టే తల్లి రొయ్యలు ఆ గుంటలోనివే. పాతనేల నుంచి, అంటే భూమి నుంచి, మళ్ళీ తెప్పించాలంటే తన మనవరాలికి మనవరాలు పుట్టాలంటుంది.

ఆరాధనలో చెరువు యంత్రం మీదే పాట వేశాం. బొమ్మతెర నిండా అక్షరాలు ఇంతింత లావున, వెనక పచ్చటి చెరువు ఫొటో. పాతనేల చెరువట. అందరూ పాట కన్నా ఆ పచ్చదనాన్నే ఎక్కువ చూశారు, నేను గమనించాను.

మా పేటలో ఏ యంత్రం వచ్చినా ముందు ప్రతిష్ఠ చేస్తాం. వాక్యంలోంచి ఒక మాట తీసి దానికి తాళంగా పెడతాం, మన భాషలో, మన అక్షరాల్లో. చెరువు యంత్రానికి మాట తీసింది నేనే. ఎండిన ఎముకల లోయ అధ్యాయంలోంచి తీశాను: ఊపిరి. ఆ రోజు సంఘమంతా లేచి నిలబడి ఆ మాట పలికింది. యంత్రం చూసుకునే పరంజ్యోతి మా తమ్ముడి కూతురు, గుడిలో వెనక బెంచీ మీద కూర్చునే రకం. "ఊరందరికీ తెలిసినదాన్ని తాళం అనరు పెదనాన్నా, పలకరింపు అంటారు," అంది. అననీ. ఇక్కడ దొంగలెవరు? దొంగిలించి ఎక్కడికి పోతారు?

సోమవారం

ఈ వేళ చెరువులో రొయ్యలు కనిపించాయి.

మేత బుట్ట పట్టుకుని వెళ్ళేసరికి సుగుణమ్మక్క గట్టు మీద మోకాళ్ళ మీద ఉంది. ప్రార్థన చేస్తోందనుకున్నాను. కాదు, నీళ్ళలో చెయ్యి ముంచి ఆడిస్తోంది. నీటి మీద ఎక్కడ చూసినా మీసాలు.

"తమ్ముడూ, గాలి లేదు," అంది. "ఒక్క ఏరేటరూ తిరగట్లేదు."

యంత్రం గదికి పరుగెత్తాను. పరంజ్యోతి అప్పటికే అక్కడ ఉంది. బొమ్మతెర వెలుగుతూనే ఉంది, పచ్చ చెరువు పచ్చగానే ఉంది. కానీ బాణం గుర్తు చెరువు మధ్యలో బిగుసుకుపోయింది. మూలనున్న గడియారం పొద్దుటి గంట దగ్గరే ఆగింది. ఏరేటర్లకి వంతులు చెప్పేది ఆ బొమ్మతెరే. విశ్రాంతి వంతు చెప్పింది, అవి ఆగాయి. మళ్ళీ లేవండని చెప్పేలోపు తనే కొయ్యబారిపోయింది. మోటార్లు మంచు అడుగున ఉన్నాయి, చేత్తో తిప్పే దారి లేదు.

"కరెంటు తీసి మళ్ళీ పెడితే?" అన్నాను.

"తూర్పుపేట వాళ్ళు తీశారు. ఇప్పటికీ పెడుతూనే ఉన్నారు."

పరంజ్యోతి చేతులు రుద్దుకుని మీటల ముందు కూర్చుంది.

"ఈ బొమ్మ యంత్రం కాదు పెదనాన్నా. యంత్రం మొహానికి రాసుకున్న పౌడరు. లోపల మనిషి బతికే ఉంది. బొమ్మ వెనక ఆరు తలుపులుంటాయి. బొమ్మ లేకుండా, రంగుల్లేకుండా, ఉత్త అక్షరాలతో మాట్లాడే తలుపులు. కంట్రోలు, ఆల్ట్, దాంతో పాటు పై వరసలో ఎఫ్ రెండు. మూడూ కలిపి నొక్కితే రెండో తలుపు తెరుచుకోవాలి."

నొక్కింది. తెర ఇంకా తెల్లగా వెలిగింది.

"వెలుగొచ్చింది," అన్నాను, నాకు తెలిసిన మంచి సంగతి అదొక్కటే కాబట్టి.

"నాకు కావలసింది చీకటి. ఈ మీటల పళ్ళెం వేషాలు ఇవి. పై వరస మీటలకి రెండేసి ఉద్యోగాలు, వెలుతురు పెంచడం ఒకటి, అసలు పని ఒకటి. మూలనున్న ఎఫ్‌ఎన్ కూడా నొక్కితే గాని అసలు పని చెయ్యవు."

నాలుగు మీటలు కలిపి నొక్కింది. వెలుతురు పెరగలేదు. తలుపూ తెరుచుకోలేదు. "బొమ్మ చచ్చేముందు మీటలన్నీ గుప్పిట్లో బిగించి చచ్చింది," అంది. మనం ఏ మీట కొట్టినా ముందు బొమ్మతెర దగ్గరికే పోతుందట. అది తీసుకుని ఊరుకుంటుందట.

అప్పుడు చేసిన పని నాకు నచ్చింది, రాస్తున్నాను. మీటల పళ్ళెం మీద ఎవరూ ముట్టని ఒక మీట ఉంది, దాని మీద సిస్‌ఆర్‌క్యూ అని చిన్న అక్షరాలు. ఆల్ట్‌తో పాటు దాన్ని పట్టుకుని ఆర్ నొక్కింది. ఆ కబురు బొమ్మతెరని అడగదట. తిన్నగా యంత్రం వేరుకి పోయి, "మీటలు దాని చేతిలోంచి తీసుకో" అని చెబుతుందట. ఆ తర్వాత మళ్ళీ నాలుగు మీటలు.

పచ్చ చెరువు పోయింది. తెరంతా నలుపు. పై మూల తెల్లటి అక్షరాలు రెండు వరసలు, వాటి పక్కన ఆరుతూ వెలుగుతూ చిన్న గీత.

ఈ యంత్రం మా పేటకి వచ్చిన దగ్గర్నుంచీ ఆ గీత అక్కడ ఆరుతూ వెలుగుతూ ఉందట. మేం బొమ్మ ముందు పాటలు పాడుతుంటే, పిల్లలు దాని మీద ఆటలాడుతుంటే, వెనకాల ఆరు గదుల్లో ఆరు దీపాలు. ఎవరూ రాకపోయినా ఎవరో వస్తారని. నేను ముప్ఫయ్యేళ్ళుగా కనిపెట్టుకుని ఉండడం గురించి ప్రసంగాలు చెబుతున్నాను. కనిపెట్టుకుని ఉండడం ఎలా ఉంటుందో ఈ వేళ కళ్ళతో చూశాను.

"స్తోత్రం తర్వాత చెప్పుకుందువు గాని," అంది పరంజ్యోతి. "ఇది తాళం అడుగుతోంది."

మంగళవారం

రొయ్యలు కనిపించాయి. నిన్నటి కన్నా ఎక్కువ. చచ్చినవి గంపతో ఎత్తాం.

నిన్న తాళం దగ్గరే ఆగిపోయాం. పరంజ్యోతి ఊపిరి అని కొట్టింది, నల్లతెర తప్పంది. మళ్ళీ కొట్టింది, తప్పంది. నన్ను కొట్టమంది, నాకూ అదే చెప్పింది. తాళం కొట్టేటప్పుడు నల్లతెర ఏమీ చూపించదు, చుక్క కూడా పెట్టదు. ఏం కొడుతున్నామో మనకే తెలీదు. చివరికి పేరు అడిగే వరసలో కొట్టి చూసింది, అక్కడైతే కనిపిస్తుంది కదా. మన అక్షరాల చోట ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి.

సంగతి ఇదీ. బొమ్మతెరలో మీటకీ అక్షరానికీ మధ్య ఒక దుబాసీ కూర్చుని ఉంటాడట. మనం మీట నొక్కితే ఆయన దాన్ని మన అక్షరం చేసి లోపలికి అందిస్తాడు. నల్లతెరలో దుబాసీ లేడు. మీట మీద ఏముంటే అదే పోతుంది. ఇంగ్లీషులో తాళం పెట్టుకున్నవాళ్ళకి ఈ బాధ రాదు. వాక్యంలోంచి తెలుగు మాట తీసి యంత్రానికి ప్రతిష్ఠ చేసే మాబోటి వాళ్ళకే వస్తుంది.

నాకు కోపం వచ్చింది. "మన భాష రాని తలుపు మనకెందుకు?" అన్నాను, గట్టిగానే.

"దానికి రాక కాదు. నీ మాట లోపల దాచుకున్నది అదే. దాంతో చెప్పడానికి మనకి నోరు లేదు."

మేత లెక్కల కోసం వేరే పేరుతో చిన్న తాళం ఒకటుంది, ఉత్త అంకెలు. దాంతో లోపలికి వెళ్ళింది. ఆ పేరుకి చూసే అధికారమే గాని ఆజ్ఞాపించే అధికారం లేదు. బొమ్మతెర చచ్చిపోయిందని అక్కడ రాసే ఉంది, దాన్ని లేపే హక్కు మాత్రం పెద్ద తాళానిదే.

బయట పేటంతా చెరువు దగ్గరే ఉంది. తెడ్లు, తలుపు చెక్కలు, మేత పళ్ళేలు, ఏది దొరికితే దాంతో నీళ్ళు చిలుకుతున్నాం, గాలి కలవాలని. వాక్యంలో ఒక కోనేరు ఉంది. దూత వచ్చి నీళ్ళు కదిలిస్తే దిగినవాళ్ళు బాగుపడేవారు. ఆ దూత భుజాలు ఎలా ఉండేవో గాని, నావి మధ్యాహ్నానికే పట్టేశాయి. తల్లి రొయ్యల గుంట మాత్రం సుగుణమ్మక్క ఎవరికీ ఇవ్వలేదు. మెల్లగా తిప్పాలి, గట్టిగా తిప్పితే బెదిరి చస్తాయంటుంది.

పరంజ్యోతి పొద్దుటి నుంచీ యంత్రం గదిలోనే ఉంది. చదువుతోంది.

సుగుణమ్మక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చీర మోకాళ్ళ దాకా తడిసి. "ఏమే, అందరం చేతులు పడిపోయేలా తిప్పుతుంటే నీకు కథల పుస్తకం కావాలా?"

"కథలు కాదత్తా. ఈ యంత్రం చేసినవాళ్ళు దీని కష్టాలన్నీ దీని కడుపులోనే రాసిపెట్టారు. ఏ మీట ఏం చేస్తుందో అంతా ఉంది. ఇంగ్లీషు."

"ఎంతుంది?"

"చాలా ఉంది."

"నా చేతులు రేపటి దాకా ఉంటాయి. ఎల్లుండికి ఉండవు. ఆలోపల చదువు." అని వెళ్ళిపోయింది.

నేను కాసేపు పరంజ్యోతి వెనక నిలబడ్డాను. నల్లతెర మీద వరసలు పైకి పాకుతున్నాయి. ఎవరు రాశారో పేరు కూడా చాలా చోట్ల లేదు. ఏ దేశంవాడో, ఏ కాలంవాడో, బొమ్మ ఆరిపోయి చీకట్లో కూర్చోబోయే మనిషిని ముందే ఊహించి, వాడి కోసం ఓపిగ్గా రాసి, వాడు తడుముకుంటూ వచ్చే తలుపు వెనకే పెట్టి వెళ్ళాడు. పాతనేల మనుషుల గురించి నేను వేదిక మీద చాలా కఠినంగా మాట్లాడతాను, సముద్రాల్ని పాడుచేసి మనల్ని ఇక్కడికి తోలారని. అది నిజమే, వెనక్కి తీసుకోను. కానీ వాళ్ళలో ఇలాంటివాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాట కూడా ఈ ఆదివారం చెబుతాను.

బుధవారం

రొయ్యలు కనిపించాయి. తల్లి రొయ్య ఒకటి చచ్చిపోయింది. సుగుణమ్మక్క దాన్ని గంపలో వెయ్యనివ్వలేదు, కొంగులో పెట్టుకుంది.

పొద్దున్నే పరంజ్యోతి తెడ్డు వేస్తున్న నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయింది.

"దొరికింది. మీటల పళ్ళేనికి కుడి పక్కన అంకెల గుంపు ఉందే, ఎవరూ వాడనిది. ఆల్ట్ పట్టుకుని అక్కడ ఒక అంకె కొట్టి వదిలితే, ఆ అంకెకి ఏ అక్షరమో అది లోపలికి పోతుంది. లోకంలో ఏ భాష అక్షరమైనా. దుబాసీ అక్కర్లేదు."

"అక్షరానికి అంకేంటి?"

"ప్రతి అక్షరానికీ ఒకటి పెట్టారు పెదనాన్నా. మనవాటికీ పెట్టారు. మన అక్షరాల అంకెలే నాకు తెలీవు. మన అక్షరాలున్నది ఏదైనా దొరికితే, బొమ్మల్లా కాకుండా అంకెల్లా చూపించమని అడగొచ్చు. ఆదివారాల కోసం నువ్వు కొట్టి పెట్టిన అధ్యాయాలు ఉన్నాయి కదా."

ఉన్నాయి. ఎముకల లోయ తెరిచింది.

తెర నిండా గళ్ళు. నల్లతెరకి మన అక్షరం గీయడం రాదు, ఒక్కో అక్షరం చోట ఒక్కో ఖాళీ గడి పెట్టింది. మధ్య మధ్య ఖాళీలు, చుక్కలు, మళ్ళీ గళ్ళు.

"ఇందులో ఊపిరి ఎక్కడుందో నాకేం తెలుసు," అంది పరంజ్యోతి, మొదటిసారి నీరసంగా.

వాక్యంలో ఒక రాజు విందు చేసుకుంటుంటే గోడ మీద చెయ్యి ఒకటి వచ్చి రాసిపోయింది, చదవడానికి ఎవరి వల్లా కాలేదు. అది నాకు చిన్నప్పట్నుంచీ భయం పుట్టించే ఘట్టం. ఇప్పుడు నా ఎదురుగా గోడ నిండా గళ్ళు. నేను వేలు పెట్టి మొదలుపెట్టాను. నాకు చదువు ఏ బడీ చెప్పలేదు. వాక్యాన్ని వినీ వినీ, నోట్లో పెట్టుకుని, తర్వాత అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ముందు నోరు, తర్వాత కళ్ళు. కాబట్టి కళ్ళు లేకపోయినా నోరు నడుస్తుంది. మొదటి గళ్ళ గుంపుని మొదటి మాటగా చదివాను, ఖాళీ దగ్గర ఆగాను, రెండోది రెండో మాట, చుక్క దగ్గర ఊపిరి తీసుకున్నాను. ఎక్కడ వాక్యం ఆగాలో అక్కడ చుక్క ఉంది, తప్పలేదు. పరంజ్యోతి నా వేలి వంక, తెర వంక మార్చి మార్చి చూసింది.

"ఇక్కడ," అన్నాను. "ఈ గుంపు."

ఆ గుంపుని అంకెల్లో చూపించమని అడిగింది. అయిదు అంకెలు వచ్చాయి.

"మూడక్షరాల మాటకి అయిదేంటి?"

"ఊ ఒకటి. పి ఒకటి కాదు, ప ఒకటి, గుడి ఒకటి. రి కూడా అంతే. చూడు, రెండు గుడులకీ ఒకే అంకె."

గుడికి కూడా అంకె ఇచ్చారు. తల మీద పెట్టుకునే ఆ చిన్న వంపుని కూడా లెక్కలోకి తీసుకున్నారు. మా భాష ఒక్క ముక్క రానివాళ్ళెవరో, ఎక్కడో బల్ల చుట్టూ కూర్చుని, మా గుడినీ మా కొమ్మునీ మర్చిపోకుండా ఒక్కొక్కదానికీ చోటు కేటాయించారు. నేను ఏడ్చాను. పరంజ్యోతి చూసి చూడనట్టు ఊరుకుంది, ఆ పిల్లలో ఆ మర్యాద ఉంది.

"నీ మాట. నువ్వే కొట్టు," అంది.

మీద కూర్చున్న ఉప్పు వల్ల అంకెల మీటలు బిగిశాయి. మన అక్షరాలన్నీ మూడువేల చిల్లర అంకెలేనట, ఆ మూడు మీటే అసలు కదలదు. సుగుణమ్మక్క లోపలికొచ్చి, ఏమీ అడక్కుండా, రొయ్య పొట్టు తీసే ముల్లుతో ఉప్పంతా గీకేసింది.

చిన్న తాళంతో తెరిచిన తలుపులో ముందు పరీక్ష చేశాం. ఆల్ట్ పట్టుకుని మూడు, సున్న, ఎనిమిది, రెండు. వదిలాను. ఒక గడి పడింది. అది ఊ. కనిపించదు గాని అదే.

అప్పుడు మూడో తలుపుకి వెళ్ళాం. పెద్ద తాళం తాలూకు పేరు పరంజ్యోతి కొట్టింది. తాళం అడిగింది. నేను మొదలుపెట్టాను. పరంజ్యోతి అంకె చెబుతోంది, నేను కొడుతున్నాను, తెర మీద ఏమీ లేదు. నా వేళ్ళు తెడ్డు పట్టి పట్టి పగిలి ఉన్నాయి. అయిదూ అయ్యాక ఎంటర్ కొట్టాను. యంత్రం కాసేపు ఆలోచించి తప్పంది.

సుగుణమ్మక్క కొంగు గట్టిగా పట్టుకుంది.

"మధ్యలో ఆల్ట్ వదిలావు," అంది పరంజ్యోతి. "నాలుగు అంకెలూ అయ్యాకే వదలాలి. మెల్లగా."

మళ్ళీ కొట్టాను. అంకె అంకెకీ ఆ మాటని లోపల పలుకుతూ. చీకటిలోకి ఏం పంపుతున్నావో కనిపించదు, చేరిందో లేదో తెలీదు, అయినా సగంలో చెయ్యి తియ్యకూడదు. నేను ఇన్నాళ్ళూ ప్రార్థన గురించి చెప్పింది ఇదే అనుకుంటాను, ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఎంటర్.

తలుపు తెరుచుకుంది. తెల్ల గీత ఆరుతూ వెలుగుతూ, ఏం చెయ్యమంటావు అన్నట్టు.

పరంజ్యోతి వేళ్ళు అప్పుడు చూడాలి. చచ్చిన బొమ్మతెరని తీసేసింది, కొత్తది లేపింది. ఆరు తలుపుల తర్వాత బొమ్మ ఉండే చోటు ఏడోదట, దానికి మీటలు నొక్కింది. పచ్చ చెరువు వచ్చింది, గడియారం పరిగెత్తి ఇప్పటి గంటకి చేరింది. మంచు అడుగున ఏదో మూలిగింది. తర్వాత ఇంకోటి. నీళ్ళు తెల్లగా పొంగడం కిటికీలోంచి కనిపించింది. గట్టు మీద వాళ్ళు ఒక్కసారి తెడ్లు ఆపేశారు. ఎవరూ కేక వెయ్యలేదు, వెయ్యడానికి ఎవరి దగ్గరా ఓపిక లేదు. ఉన్నవాళ్ళు ఉన్నచోటే కూలబడ్డారు.

"నేను లేకపోతే ఏమైపోయేవాళ్ళో," అంది పరంజ్యోతి.

"ముల్లు లేకపోతే నువ్వేమైపోయేదానివి," అంది సుగుణమ్మక్క.

గురువారం

రొయ్యలు కనిపించాయి, కొన్ని. నిలబడలేక ఒడ్డుకి ఆనుకున్నవి. తల్లి రొయ్యల గుంటలో మాత్రం నాలుగైదు జతల మీసాలు ఇంకా పైనే ఉన్నాయి. అవి దిగితేనే విత్తనం ఉన్నట్టు. సుగుణమ్మక్క గట్టు దిగలేదు.

పరంజ్యోతి ఏరేటర్ల వంతుల పనిని బొమ్మతెరలోంచి తీసి వెనక తలుపు లోపల పెట్టింది. ఇకనుంచి బొమ్మ చచ్చినా గాలి ఆగదు. బొమ్మ చూసుకోవడానికి మాత్రమే. తర్వాత అడిగింది: "పెదనాన్నా, తాళం ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చేద్దామా? ఇంత అవస్థ మళ్ళీ పడలేం."

వద్దని చెప్పడానికి నా దగ్గర ఒక ప్రసంగం సిద్ధంగా ఉంది, పొడుగైనది. మొదలుపెట్టేలోపు సుగుణమ్మక్క గట్టు మీద నుంచే అంది:

"ఆ అంకెలు చెప్పవే, మళ్ళీ."

పరంజ్యోతి చెప్పింది. సుగుణమ్మక్క వాటిని నోట్లో తిప్పుకుంది. తర్వాత, తెడ్డు వేసేటప్పుడు మేం పాడుకున్న వరసలో, ఒక్కో అంకెకి ఒక్కో తోపు చొప్పున పాడింది. మూడు వేల ఎనభై రెండు. మూడు వేల నూట పద్నాలుగు. మూడు వేల నూట ముప్ఫై అయిదు. మూడు వేల నూట ఇరవై. మళ్ళీ మూడు వేల నూట ముప్ఫై అయిదు. వలలు ఆరేస్తున్నవాళ్ళు రెండోసారికి అందుకున్నారు. మూడోసారికి మేత గదిలోంచి కూడా వినిపించింది.

"ఇది మారుస్తావా ఇప్పుడు?" అన్నాను.

"ఊరందరికీ తెలిసిన తాళం," అంది పరంజ్యోతి, "ఇప్పుడు దానికి రాగం కూడా." కానీ మార్చలేదు.

శుక్రవారం

ఈ వేళ చెరువులో రొయ్య కనిపించలేదు. తల్లి రొయ్యల గుంటలో కూడా. సుగుణమ్మక్క పళ్ళెం ఎత్తి చూసింది. ఖాళీ.